చదవకుండా ఓటెయ్యని మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. మధ్యాహ్నం జొన్నరొట్టె, పుండికూర తిని, దుకాణానికి పోయేముందు కాసేపు ఒరుగుతానని మంచం మీద వాలింది. చాయ్ తీసుకుపోయి లేపితే లేవలేదు. వీధి చివరి డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, గుండె అన్నాడు. రాయచూరు బజారులో మా స్టీలు సామాన్ల దుకాణం ఎరిగినవాళ్లంతా చీకటి పడకముందే వచ్చేశారు. ఆమెను అంతకంటే బాగా ఎరిగినవాళ్లు కొందరున్నారు. వాళ్లు మాత్రం రాలేదు, ఎందుకంటే వాళ్లకి ఎవరూ చెప్పలేదు. వాళ్లుండేది ఆమె ఫోన్‌లో.

ఫోన్‌లో అంటే ఒక బ్లాగుల సంఘంలో. అక్కడ ఎవరైనా రాయొచ్చు. చదివినవాళ్లకి నచ్చితే కింద ఉన్న పైబాణం గుర్తు మీద ఒత్తి ఓటు వేస్తారు. పోస్టు పెట్టిన ఏడు రోజుల్లో పడ్డ ఓట్లను బట్టి రాసినవాళ్లకి కొంత బహుమానం, ఏరి ఓటేసినవాళ్లకి కొంత. ఏడు రోజులు దాటాక ఓటు పడుతుంది గానీ దానికి విలువ ఉండదు. ఆ సంఘంలో తెలుగువాళ్లకని ఒక చిన్న మూల ఉంది. ఆ మూలలో మంచివి ఏరి, వారానికొకసారి ఒకచోట చేర్చి, నలుగురికీ చూపించే పని మా అత్తమ్మది. ఆమె పేరు చెప్పను. చెబితే ఇప్పుడే లేచొచ్చి కసురుతుందేమోనని భయం. కసిరినా బాగుండును.

ఈ నాలుగు మాటలూ అక్కడే రాయొచ్చు కదా అని సంఘంలోవాళ్లు అడిగారు. అక్కడ రాస్తే ఓట్లు పడతాయి. ఆమె చావు మీద నాకు బహుమానం వస్తుంది. బహుమానం వద్దని ముందే టిక్కు పెట్టే వీలు ఉందన్నారు. అయినా నాకు చెయ్యి రాలేదు. అందుకే మీ ముందుకు వచ్చాను.

నిజానికి ఆ సంఘంలో ముందు చేరింది నేను. కరోనా కాలంలో బజారంతా మూతపడ్డప్పుడు ఏమీ తోచక మొదలుపెట్టాను. ఇంట్లో ఇంత పని ఉండగా కోడలు గంటల తరబడి ఫోన్ పట్టుకుంటే ఏ అత్త ఊరుకుంటుంది?

"ఏందే, ఎవరితోని ముచ్చట గింతసేపు?" అంది ఒకరోజు.

"ఎవరితోనూ కాదత్తమ్మా, రాస్తున్న."

"ఏం రాస్తున్నవ్? చదువు, నేను ఇంట."

చదివాను. మిరపకాయల మార్కెట్ వైపు గాలి తిరిగితే మా వీధంతా ఎట్లా తుమ్ముతుందో రాసిన నాలుగు పేరాల ముక్క అది. పూర్తయ్యేవరకూ కదలకుండా విని, "తుమ్మిన్రు, సరే. తుమ్మినంక ఏం చేసిన్రు? అది రాయలె" అంది. నాకు ఒళ్లు మండింది. మర్నాడు మళ్లీ తనే వచ్చి, ఇంకెవరు రాస్తారు, వాళ్లవీ చదువు అంది. నెల తిరక్కుండా తన ఫోన్‌లో తనకొక ఖాతా పెట్టించుకుంది. బడిలో ఆమె చదివింది కన్నడం. తెలుగు చదవడం గద్వాలలో అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట. మా మామకి కన్నడం, ఉర్దూ వచ్చు గానీ తెలుగు అక్షరం రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషికి తెలుగు చదవరాదేమని బయటివాళ్లు వింతపడతారు. మా ఊళ్లో ఇది మామూలే.

ఆమె చదివే తీరు మీకు చెప్పాలి. కళ్లతో చదివేది కాదు, పైకి చదివేది. దుకాణంలో గద్దె మీద మామ, పక్కన స్టూలు మీద ఈమె. చెంబులు, తపేలాలు, టిఫిన్ డబ్బాలు తలమీద వేలాడుతుండగా అద్దాలు ముక్కు చివరికి జార్చి ఫోన్ దూరంగా పట్టుకుని చదివేది. గిరాకీ వస్తే ఆపి, గిన్నె మీద వేలి కణుపుతో ఒక దెబ్బ కొట్టి ఆ మోత విని, "ఇది మంచిది, తీస్కపో" అనేది. గిరాకీ పోగానే ఆపిన మాట దగ్గర్నుంచే మళ్లీ మొదలు. ఒకసారి పక్క ఊరు కల్మల నుంచి ఒకామె మూత పోయిన డబ్బాకి మూత కోసం వచ్చి, ఎవరిదో అత్తగారింటి కథ వింటూ అక్కడే కూలబడింది. చివరికి బస్సు పోయింది. "పోనీ తియ్, ఇంకొకటి వస్తది. అయిపోయేదాంక ఇను" అని ఆమెకి చాయ్ చెప్పించింది మా అత్తమ్మ.

పోస్టు పడిన కొద్ది నిమిషాల్లో ఓటేస్తే ఏరేవాళ్లకి వచ్చే భాగం పెరుగుతుంది. మిగతావాళ్లంతా అట్లాగే వేస్తారు. సగంమంది చదవను కూడా చదవరు, పేరు చూసి ఒత్తేస్తారు. మా సంఘం పిల్లవాడొకడు ఫోన్ చేసి ఈ కిటుకు ఆమెకి చెప్పాడు. "అయిదు నిమిషాల్ల నాకు అద్దాలే దొరకవు నాయనా" అని పెట్టేసింది. నేనూ ఊరుకోలేదు. ఎవరెవరు బాగా రాస్తారో మనకి తెలుసు కదా, వాళ్లు పెట్టగానే నీ ఓటు దానంతటదే పడేట్టు చెయ్యొచ్చు, కళ్లకి శ్రమ తగ్గుతుంది అన్నాను.

"దానంతట అదే పడేకాడికి నేనెందుకే? నా పేరు కింద కనబడ్డదంటే నేను చదివిన అని జిమ్మేదారి. చదవకుండ పేరు పెడితే అబద్ధం కాదా?"

అబద్ధమనేంత పెద్ద మాట ఎందుకత్తమ్మా అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఇంకో అలవాటు. ఓటుకి ముందు ఒక ప్రశ్న అడిగేది. ప్రశ్న లేకుండా ఆమె ఓటు పడదని సంఘంలో అందరికీ తెలుసు. చిత్రమేమిటంటే ఎవరేం రాసినా ఆమె ప్రశ్న తిరిగి తిరిగి అన్నం దగ్గరికే వచ్చేది. సింధనూరు దగ్గర తుర్విహాళలో ఒక రైతు ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుంటున్న కుటుంబం. అతను మొదటిసారి పెట్టిన పోస్టుకి ఒక్క ఓటూ పడలేదు. కాలువ చివరి పొలానికి నీళ్లందక నాట్లు ఎండిపోయిన సంగతి ఏదో దరఖాస్తు రాసినట్టు రాశాడు. గడువు రేపటితో ముగుస్తుందనగా మా అత్తమ్మ దాన్ని పట్టుకుంది. ఎవరూ ఓటెయ్యనివి వెతుక్కుని చదవడం ఆమెకి సరదా. కింద ఇట్లా రాసింది: "అయ్యా, ఎండిన మడి చూసి ఇంటికి వచ్చిన్రు కదా. ఆ పూట మీ ఇంట్ల ఏం తిన్నరు?"

అతను ఆ సాయంత్రానికి జవాబు రాశాడు. "అమ్మగారూ, మా ఆవిడ ముద్దపప్పు, ఆవకాయ పెట్టిందండి. నేను చెయ్యి కడుక్కున్నాను గానీ కలుపుకోలేకపోయాను. మా నాన్న మాత్రం ఎప్పటిలాగే తిని, రేపు ఇంకోసారి చూసొద్దాంరా అన్నారండి." పోస్టు కంటే ఆ జవాబు బాగుంది. ఆమె దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించి, అప్పుడు ఒత్తింది. ఓటు ఎంత బరువుగా వెయ్యాలో కూడా అక్కడ మనమే చెప్పాలి, చెప్పకుండా ఒత్తితే నూరు పడుతుంది. నూటికి నూరు ఆమె ఎవరికీ వేసేది కాదు. అతనికి ఆ రోజు అరవై వేసింది. అప్పట్నుంచి అతను రాయడం మానలేదు.

తర్వాత ఆ సంఘం బహుమానంగా ఇచ్చే డిజిటల్ నాణేనికి ధర పడిపోయింది. ధర ఉన్నన్నాళ్లూ పొద్దునా సాయంత్రం పద్యాలు, వంటలు, పూల ఫోటోలు కుమ్మరించినవాళ్లు చెప్పాపెట్టకుండా మాయమయ్యారు. తెలుగు మూలలో పదిమంది మిగిలామో లేదో. నాకూ విసుగొచ్చింది. ఎవరి కోసం ఈ గొడవంతా అన్నాను. "చదివేదాన్ని నేను ఉన్న కదా, రాయి" అంది. ఆ మాట ఆమె చాలా మామూలుగా అంది.

అట్లా అందరికీ ఓటేసే మనిషి నాకు వేసేది కాదు. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇంట్లోవాళ్లకి ఇంట్లోవాళ్లు ఓటేసుకోవడం ఆమె దృష్టిలో గల్లాలో చెయ్యి పెట్టడంతో సమానం. నా పోస్టు చదివేది, ప్రశ్న అడిగేది, దుకాణంలో పదిమందికి వినిపించేది. బాణం మాత్రం ముట్టేది కాదు. మొదట్లో నేను అలిగాను. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడాను. పట్టించుకోలేదు. ఎనిమిదో రోజు పొద్దున చాయ్ తాగుతూ, "అయిపోయిందా నీ గడువు?" అంది. అయిపోయింది అన్నాను. అప్పుడు ఫోన్ తీసి నా ఎదురుగానే ఒత్తింది. ఆ ఓటు వల్ల నాకు రాదు, ఆమెకీ రాదు. అందరికీ ముప్పై, నలభై కొలిచి వేసే మనిషి నాకు ఎప్పుడూ నిండుగా నూరు వేసేది. ఇక అదే మా ఇద్దరి పద్ధతి అయిపోయింది. నేను బహుమానం మాట ఎప్పుడో మర్చిపోయాను. ఎనిమిదో రోజు చాయ్ కోసం రాసేదాన్ని.

ఆమె పోవడానికి ముందురోజు నేనొకటి పెట్టాను. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన తొలిరోజు గురించి. మర్నాడు పొద్దున చదివి కింద ప్రశ్న రాసింది. "ఆ దినం నువ్వు తిన్నవా లేదా? ఎవరన్న అడిగిన్రా నిన్ను?" చూసి నవ్వుకున్నాను. అత్తా, అడగాల్సింది నువ్వే కదా అని జవాబు రాయాలని ఉంది. ఈలోగా చుట్టాలొచ్చారు, పని పడింది. ఆ తర్వాత చాయ్ గ్లాసు పట్టుకుని ఆమె గదిలోకి వెళ్లాను.

ఆమె పడుకున్న చోట దీపం పెట్టారు. కర్మలు అయ్యేవరకు అది ఆరకూడదని పెద్దవాళ్లు చెప్పారు. వంతులేసుకుని నూనె పోశాం. సంఘంలో చెప్పాలన్న ఆలోచన ఉంది గానీ నా ఫోన్ ముట్టబుద్ధి కాలేదు. అట్లా కొన్ని రోజులు గడిచాక తుర్విహాళ రైతు ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, అమ్మగారికి ఒంట్లో బాగుందా అండి?"

"ఎందుకండి?" అన్నాను.

"నిన్న నా పోస్టుకి నూటికి నూరు వేశారండి. అంత ఎప్పుడూ వెయ్యరు కదా. పోనీ బాగుందేమో అనుకుందామంటే, ఏమీ అడగలేదండి. అన్నం మాటే ఎత్తలేదు. మా ఆవిడ, ఒకసారి కనుక్కోండి, నాకు మనసు మనసులో లేదంటే..."

ఆమె లేదని చెప్పాను. ఎప్పుడని అడిగాడు. చెప్పాను. "మరి నిన్న..." అని ఆగిపోయాడు.

సంఘం తెరిచి చూశాను. తెలుగు మూలలో పడ్డ ప్రతి పోస్టు కింద మా అత్తమ్మ పేరు ఉంది. నూరు, నూరు, వరసగా వేసేకొద్దీ ఓపిక తగ్గినట్టు ఓటు బలం తగ్గుతూ ఉన్నా నూరే. ఎక్కడా ప్రశ్న లేదు. ఎవడో ఎక్కడ్నుంచో ఎత్తుకొచ్చి అతికించిన వంట పోస్టుకీ ఉంది. దాని కింద ఒకరు రాశారు: "ఈమె కూడా చదవకుండా వేసే రకమేనన్నమాట. మనమే ఏదో అనుకున్నాం." ఆ మాట చదివి నాకు ఏడుపొచ్చింది. చచ్చిపోయిన మనిషిని అబద్ధాలకోరుని చేశారు. ఇంకా కిందికి పోతే నా పోస్టు. గడువు ఇంకా ముగియలేదు. దాని కిందా ఆమె పేరు. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, నా గుండె ఎగిరింది. తర్వాత తెలిసింది, ఇది ఆమె వెయ్యదని.

ఆమె ఫోన్ మామ దగ్గర ఉంది. వెనక వరండాలో కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లేసరికి ఆయన వేలు బాణం మీదే ఉంది.

"మామా, ఏం చేస్తున్నవ్?"

ఆయన దాచలేదు. దాయాల్సిన పని అని తెలిస్తే కదా.

"దీపం ఆరనియ్యొద్దని అందరు చెప్పిన్రు. దీని సంగతి ఎవ్వరు చెప్పలె. దినాం ఒత్తేది కదమ్మా, కొత్తది వచ్చినప్పుడల్ల. ఒత్తకపోతే ఇది కూడ ఆగిపోతదేమోనని..." అని ఫోన్ నాకు చూపించాడు. "ఒక్కటి ఇడిచిపెట్టలె. అన్నిటికి ఒత్తిన."

కోపంతో వచ్చినదాన్ని. ఆయన పక్కన కూలబడ్డాను. నలభై ఏళ్లు ఆమె పక్కన కూర్చున్న మనిషి, ఈ కొన్నేళ్లుగా ఆ వేలు ఒత్తడం ఒక్కటే చూశాడు. ఆ ఒత్తే ముందు ఏం జరిగేదో ఆయనకి వినపడేది గానీ, అది ఇందులో భాగమని తోచలేదు. మెల్లగా చెప్పాను. ఆ పేరు కింద ఉందంటే ఆమె చదివినట్టు లెక్క అని, అందుకే అంతమంది ఆ పేరు కోసం చూస్తారని, చదవకుండా వేస్తే ఆమె దాన్ని ఏమనేదో కూడా చెప్పాను. తుర్విహాళ ఆయన ఫోన్ సంగతి చెప్పాను. కింద ఎవరో అన్న మాట కూడా దాచకుండా చదివి వినిపించాను.

ఫోన్ ఒళ్లో బోర్లించాడు.

"ఆమె పేరు ఖరాబు చేసిన్నా నేను?"

"లేదు మామా. నీకు తెలవదు."

"నువ్వు చదివి వినిపియ్యి. నేను ఇని ఒత్తుత. అట్లయితే సరిపోతదా?"

దీనికి ఏం చెప్పాలి? ఔననడం సులువు. ఇంకో ఏడాదో రెండేళ్లో ఆమె పేరు అక్కడ వెలుగుతుంది, ఈ ముసలాయనకి పొద్దు పోతుంది, నాకూ ఒక తోడు. నోటి దాకా వచ్చింది.

"నువ్వు ఇంటే నువ్వు ఇన్నట్టు మామా. ఆమె ఇన్నట్టు కాదు."

ఆయన తల ఊపాడు. "నిజమే. తీసేయొచ్చునా, ఒత్తినయి?"

తీసెయ్యొచ్చు. అదే బాణాన్ని మళ్లీ ఒత్తితే ఓటు వెనక్కి వస్తుంది. నేను తీస్తానంటే ఒప్పుకోలేదు, తప్పు నాది, నేనే తీస్తానన్నాడు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే తీశాం. నేను పోస్టు చూపించేదాన్ని, ఆయన ఒత్తేవాడు. ఆమె పేరు పోయేది. ఎవరో లోపలి నుంచి ఒక్కో సామానూ బయట పెడుతున్నట్టు ఉంది. చివరికి నా పోస్టు వచ్చింది.

"ఇది నీదే కదా? బొమ్మ చూసి గుర్తుపట్టిన. ఇది గుడ తియ్యాల్నా?"

"తియ్యాలి."

"దీన్ని చదివింది కదమ్మా ఆమె. ఆ పొద్దున నాకు చదివి చెప్పింది. నా ముందట్నే. ఏడ్చింది గూడ కొంచెం." ఆయన వేలు ఆగింది. "ఇదొక్కటి అబద్ధం కాదు కదా."

ఏడ్చిందని నాకు తెలియదు. కింద రాసిన ప్రశ్న మాత్రమే తెలుసు. ఉంచెయ్ మామా అనాలనిపించింది. ఒంట్లో ప్రతి నరం అదే అంటోంది. కానీ గడువు ఇంకా ఉంది. గడువులోపల ఆమె నాకు ఎన్నడూ వెయ్యలేదు, వెయ్యదు. ఆమె ఇన్నేళ్లు నిలబెట్టుకున్నది నా కోసమని తప్పిపోవడం నాకు ఇష్టం లేదు. తియ్యమన్నాను. తీశాడు. గడువు ముగిశాక మళ్లీ ఒత్తేందుకు ఆమె లేదు. అంటే ఆ పోస్టుకి ఆమె ఓటు ఇక లేదు. ఆమె ఉండగా నేను రాసినవాటిలో ఆమె ఓటు లేనిది అదొక్కటే.

ఆమె ఖాతా నుంచి బయటికి వచ్చేశాను. మళ్లీ లోపలికి పోవాలంటే పొడుగాటి కీ ఒకటి కొట్టాలి. అది ఆమె ఎక్కడ పెట్టుకుందో మాకు తెలియదు, వెతకనూ లేదు. ఆ సాయంత్రం నా పేరు మీద రెండు వాక్యాలు పెట్టాను: ఆమె పోయిందని, మొన్నటి ఓట్లు ఇంట్లోవాళ్ల పొరపాటని. బహుమానం వద్దని టిక్కు పెట్టాను. చదవకుండా వేసే రకమని అన్నవారు క్షమించమని రాశారు. తుర్విహాళ ఆయన మాత్రం ఏమీ రాయలేదు. కర్మల రోజు భార్యాభర్తలిద్దరూ బస్సు దిగి వచ్చారు, ఒక సంచి కొత్త బియ్యంతో. ఆమెను వాళ్లు ఎన్నడూ చూడలేదు. గోడ మీది ఫోటో ముందు ఆయన చాలాసేపు నిలబడ్డాడు.

భోజనాలప్పుడు నేను వడ్డిస్తున్నాను. నేనింకా తినలేదు, ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న గుర్తొచ్చి చేతిలో గరిటె పట్టుకునే వంటింట్లోకి పోయి ఏడ్చాను. తొలిరోజు నేను తిన్నాను అత్తమ్మా. నువ్వే పెట్టావు. అందరూ ఫోటోల కోసం అరుస్తుంటే పెరట్లోకి పిలిచి పెరుగన్నం చేతిలో పెట్టావు. నేను అది రాయడం మర్చిపోయాను.

దుకాణం మళ్లీ తెరిచాం. స్టూలు తీసెయ్యమంటే మామ వద్దన్నాడు. ఫోన్ ఆయన జేబులోనే ఉంటోంది. చార్జింగ్ పెట్టడు, పెట్టనివ్వడు. నిన్న మధ్యాహ్నం గిరాకీ లేదు. నేను అటువైపు డబ్బాలు తుడుస్తున్నాను. ఆయన ఫోన్ తీసి దూరంగా పట్టుకున్నాడు. ఫోన్ అద్దం నల్లగా ఉంది. బొటనవేలు కింది మూలకి పోయింది, ఒత్తింది. కాసేపు ఆగాడు. పెదవులు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. మళ్లీ ఒత్తాడు. మళ్లీ ఆగాడు, ఈసారి ఇంకా ఎక్కువసేపు, కింద వచ్చిన జవాబేదో చదువుతున్నట్టు.